చైతన్యం గురించి మనవాళ్లనీ పడమటివాళ్లనీ పోల్చాలంటే ఎలా మొదలెట్టాలి

పోయినేడాది మా నాన్నకి గాల్ బ్లాడర్‌లో రాళ్లని ఆపరేషన్ చేశారు. మేం థియేటర్ బయట కూర్చున్నాం, అమ్మ నర్సు కనపడినప్పుడల్లా "స్పృహ వచ్చిందా అమ్మా" అని అడుగుతోంది, మా వార్డులోనే వరంగల్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉంది, ఆవిడ కూడా మాతోపాటు కంగారుపడుతూ "సోయిలకొచ్చిండా బిడ్డా" అంటోంది, ఊళ్లోంచి బాబాయి ఫోన్ చేసి "అన్నయ్యకి తెలివొచ్చిందా" అన్నాడు. ముగ్గురూ అడుగుతున్నది ఒకటే సంగతి, మాటలు మాత్రం మూడు. తర్వాత నాన్న కళ్లు తెరిచి మొట్టమొదట అన్నమాట "ఇంకా మొదలెట్టలేదా?" అని. అప్పటికి రెండు గంటలు దాటింది.

ఆ రెండు గంటలు నాన్న ఎక్కడున్నాడు అనేది నన్ను చాలా రోజులు వదల్లేదు. చైతన్యం గురించి మన దర్శనాలూ పడమటి ఫిలాసఫీ పక్కపక్కన పెట్టుకుని కొన్నేళ్లుగా చదువుతున్నా. ఈ పోలిక ఎలా చెయ్యాలి అని అడిగేవాళ్లు కూడా ఉన్నారు, కొంతమంది సివిల్స్‌కి ఫిలాసఫీ ఆప్షనల్ తీసుకున్నవాళ్లు, కొంతమంది ఊరికే ఆసక్తి ఉన్నవాళ్లు. వాళ్లకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నా. ఒక్కమాటలో నా పద్ధతి ఏంటంటే, భారతం వర్సెస్ పడమర అని రెండు టీములు కట్టొద్దు, ఒక చిన్న ప్రశ్న పట్టుకుని దాన్ని అందర్నీ అడగండి, అప్పుడు ఎవరు ఎవరి పక్కన నిలబడతారో మీకే కనపడుతుంది.

ముందు మాటల సంగతి తేల్చుకోండి. ఇది బోరింగ్ పని అనుకుని చాలామంది దాటేస్తారు, సగం గందరగోళం ఇక్కడే పుడుతుంది. స్పృహ అంటే మనకి తెలుగులో ఒంటిమీద తెలివి ఉండడం. అదే మాటకి సంస్కృతంలో అర్థం కోరిక, ఆశ. గీతలో స్థితప్రజ్ఞుడి గురించి చెప్తూ "సుఖేషు విగతస్పృహః" అంటే సుఖాలమీద ఆశ పోయినవాడు అని, స్పృహ తప్పి పడిపోయినవాడు అని కాదు. చైతన్యం అనే మాట కూడా అంతే, పేపర్లో "ప్రజల్లో చైతన్యం రావాలి" అని రాస్తే అది అవగాహన, వేదాంతంలో చైతన్యం అంటే అన్ని అవగాహనలకీ వెనక ఉన్న వెలుగు. ఇంక బుద్ధి అనే మాట చూడండి, సాంఖ్య దర్శనంలో బుద్ధి ప్రకృతిలోంచి, అంటే లోకానికి మూలమైన జడపదార్థంలోంచి, పుట్టిన ఒక తత్త్వం, అదీ జడమే. న్యాయం అనే తర్కదర్శనంలో ఐతే బుద్ధి అన్నా జ్ఞానం అన్నా ఒకటే, అది ఆత్మకి ఉండే గుణం. తెలుగువాడిగా మనం చెప్పుకునే అన్నంభట్టు తర్కసంగ్రహం అనే చిన్న న్యాయ పుస్తకంలో మన వ్యవహారాలన్నిటికీ కారణమైన గుణమే బుద్ధి, అదే జ్ఞానం అని ఒక్క వాక్యంలో తేల్చేశాడు. అంటే ఒకే మాట, ఒకే భాష, రెండు దర్శనాలు, అర్థం పూర్తిగా వేరు. అలాంటప్పుడు ఇంగ్లీషు కాన్షస్‌నెస్‌ని తీసుకొచ్చి "మన బుద్ధి అంటే ఇదే" అనేస్తే ఏమవుతుందో ఆలోచించండి.

అటువైపు మాత్రం శుభ్రంగా ఉందా అంటే అదీ లేదు. లాటిన్లో కాన్షియెంటియా అనే మాట నుంచే కాన్షస్‌నెస్సూ వచ్చింది, కాన్షెన్స్ అంటే మనస్సాక్షి అనే మాటా వచ్చింది, ఫ్రెంచిలో ఈరోజుకీ ఆ రెండిటికీ ఒకే మాట. ఇంగ్లీషు ఫిలాసఫర్ జాన్ లాక్ 1690 ప్రాంతంలో దానికి ఇచ్చిన అర్థం, మనిషి తన మనసులో జరుగుతున్నదాన్ని తాను గమనించుకోవడం. నెడ్ బ్లాక్ అనే అమెరికన్ ఫిలాసఫర్ 1995లో వచ్చి అసలు మీరంతా రెండు వేరే సంగతుల్ని ఒకే పేరుతో పిలుస్తున్నారు, అనుభవం ఎలా అనిపిస్తోంది అనేది ఒకటి, ఆ సమాచారం ఆలోచనకీ మాటకీ చేతకీ అందుబాటులో ఉండడం ఇంకొకటి అన్నాడు. అందుకని ఒక నోట్‌బుక్ తీసుకుని ప్రతి రచయిత పేరు కిందా అతను ఏ మాట వాడాడు, ఆ మాటతో దేన్ని కలుపుకున్నాడు, దేన్ని బయట పెట్టాడు అని మూడు నాలుగు లైన్లు రాసుకోండి. అనువాదం చెయ్యొద్దు, ఆ మాటని అలాగే ఉంచండి, సాంఖ్యంవాళ్లు చూసే చైతన్యానికి వాడిన పురుష అంటే పురుష, ఫ్రెంచి ఫిలాసఫర్ డెకార్ట్ ఆలోచనకి వాడిన లాటిన్ మాట కోగిటేషియో అంటే కోగిటేషియో. ఆంధ్ర యూనివర్సిటీలో పనిచేసిన కోనేరు రామకృష్ణారావుగారు ఈ విషయం మీద చాలా రాశారు, పడమటి సంప్రదాయం ఎక్కువగా మనసునీ చైతన్యాన్నీ ఒకటిగా చూస్తుంది, మన సంప్రదాయం ఎక్కువగా విడదీస్తుంది అన్నది ఆయన పదేపదే ఎత్తిచూపిన సంగతి. మొదటి మ్యాప్‌గా అది బాగా పనికొస్తుంది. ఆ "ఎక్కువగా" అనే మాటని మాత్రం వదలకండి.

తర్వాత చెయ్యాల్సింది, నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది, గీత ఎక్కడ గీశారో చూడడం. డెకార్ట్ 1641లో మెడిటేషన్స్ అనే పుస్తకం వేశాడు. ఆయన ప్రపంచాన్ని కోసింది మనసుకీ శరీరానికీ మధ్య. ఆలోచించేది ఒకటి, చోటు ఆక్రమించేది ఇంకొకటి. ఆలోచన అనే దాంట్లో ఆయన సందేహించడం, కోరడం, ఊహించడం, చూస్తున్నట్టు అనిపించడం అన్నీ కలిపేశాడు. ఇప్పుడు సాంఖ్యంవాళ్ల ముఖ్యగ్రంథం సాంఖ్యకారిక తెరవండి. అక్కడ కూడా రెండే ఉన్నాయి, పురుషుడూ ప్రకృతీ, వెంటనే చాలామంది "అదిగో మన డెకార్ట్" అనేస్తారు. కానీ ఆ గీసిన గీత ఎక్కడుందో చూడండి, మొత్తం 25 తత్త్వాల్లో పురుషుడు ఒక్కడే ఒకవైపు, మిగతా 24 అవతలివైపు, ఆ 24లో మట్టీ నీళ్లతో పాటు మనసు, అహంకారం, బుద్ధి కూడా ఉన్నాయి. అంటే మీరు లెక్కలు చెయ్యడం, కోపం తెచ్చుకోవడం, "నేను" అనుకోవడం ఇవన్నీ సాంఖ్యానికి జడం వైపు పనులు. పురుషుడు ఊరికే ఉంటాడు, ఆ సమక్షంలో బుద్ధి వెలిగినట్టు కనపడుతుంది, మందారపువ్వు పక్కన పెట్టిన స్ఫటికం ఎర్రగా కనపడ్డట్టు. డెకార్ట్ కత్తి మెడ దగ్గర పడితే సాంఖ్యం కత్తి ఇంకా చాలా లోపల, చూసేదానికీ చూడబడేదానికీ మధ్య పడింది. ఈ ఒక్కటి అర్థమైతే సగం దారి అయిపోయినట్టే.

ఇక్కడ ఇంకో తొందరపాటు ఉంది, తెలివైనవాళ్లు కూడా చేస్తారు. ఫిలాసఫర్ డేవిడ్ చామర్స్ 1995లో మెదడు సమాచారాన్ని ఎలా వేరు చేస్తుంది, ధ్యాస ఎలా పెడుతుంది, ఎలా రిపోర్ట్ చేస్తుంది లాంటివి సులువు సమస్యలు, ఇదంతా జరుగుతున్నప్పుడు లోపల ఒక అనుభవం ఎందుకు ఉండాలి అనేది కఠిన సమస్య అని విడగొట్టాడు కదా, అది చదవగానే "ఓహో, సులువు సమస్యలంటే బుద్ధి, కఠిన సమస్య అంటే పురుషుడు, మనవాళ్లు ఎప్పుడో చెప్పారు" అనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది, చాలా సంతోషించాను కూడా. కానీ నొప్పిని తీసుకోండి. చామర్స్‌కి నొప్పి ఎలా ఉంటుందో ఆ అనిపించడమే కఠిన సమస్య గుండెకాయ. సాంఖ్యంలో సుఖదుఃఖాలు సత్త్వం, రజస్సు, తమస్సు అనే గుణాల పని, అంటే ప్రకృతివైపు, బుద్ధిలో ఉండేవి, పురుషుడికి నొప్పి లేదు, ఉన్నట్టు పొరపాటు పడడమే బంధం. కాబట్టి రెండు గీతలూ ఒకదానిమీద ఒకటి కూర్చోవు. ఇలా ఎక్కడ కూర్చోవో అక్కడే కాసేపు ఆగండి, ఎందుకంటే పోలిక మీకు కొత్తగా ఏమైనా నేర్పేది అక్కడే. నొప్పికీ నొప్పి తెలియడానికీ మధ్య సందు ఉందా అనే ప్రశ్న అక్కడినుంచే పుడుతుంది, ఈ ప్రశ్న ఒక్క వైపు పుస్తకాలే చదివితే ఇంత సూటిగా తట్టదు.

అదే పద్ధతిలో ఇంకో జత చూపిస్తా. 1643లో బొహీమియా రాకుమారి ఎలిజబెత్ డెకార్ట్‌కి ఉత్తరం రాసింది, చోటే ఆక్రమించని ఆత్మ శరీరాన్ని ఎలా కదిలిస్తుంది, తొయ్యాలంటే తగలాలి కదా అని. డెకార్ట్ చాలా ఉత్తరాలు రాశాడు గానీ ఆవిడని ఒప్పించలేకపోయాడు. ఇప్పుడు ఇటు రండి. సాంఖ్యంవాళ్లు పురుషుడూ ప్రకృతీ కలవడాన్ని కుంటివాడూ గుడ్డివాడూ కథతో చెప్తారు, కుంటివాడు భుజాలమీద కూర్చుని దారి చూపిస్తాడు, గుడ్డివాడు నడుస్తాడు. శంకరులు బ్రహ్మసూత్ర భాష్యం రెండో అధ్యాయంలో దీన్ని పట్టుకున్నారు, కుంటివాడు కనీసం నోటితో చెప్పి గుడ్డివాణ్ని నడిపిస్తాడయ్యా, మీ పురుషుడు ఏ పనీ చెయ్యని ఉదాసీనుడు కదా, వాడు దేన్నెలా కదిలిస్తాడు అని. ఎలిజబెత్ ప్రశ్నకీ దీనికీ చుట్టరికం ఉంది, వందల ఏళ్ల దూరంలో ఒకరికొకరు తెలియని ఇద్దరు ద్వైతం అనే గోడలో అదే బీటని వేలు పెట్టి చూపించారు. ఐతే ఎలిజబెత్ అడిగింది తగలనిది ఎలా తోస్తుంది అని, శంకరులు అడిగింది ఏమీ చెయ్యనిది ఎలా నడిపిస్తుంది అని, ఆ తేడా కూడా రాసుకోండి.

ఇప్పుడు అసలు పని, ఒక ప్రశ్న పట్టుకుని అందర్నీ అడగడం. నేను ఎవరికైనా గాఢనిద్ర ప్రశ్నతోనే మొదలెట్టమంటాను, ఎందుకంటే ల్యాబ్ అక్కర్లేదు, డిగ్రీ అక్కర్లేదు, రోజూ రాత్రి అందరికీ జరిగేదే. కల కూడా లేని నిద్రలో చైతన్యం ఉంటుందా ఉండదా?

డెకార్ట్‌ని అడిగితే ఆయన ఉంటుంది అంటాడు, ఆత్మ స్వభావమే ఆలోచించడం కాబట్టి అది తల్లి కడుపులో కూడా ఆలోచిస్తూనే ఉంటుంది, గుర్తుండకపోవడం వేరే సంగతి. లాక్ దీన్ని అస్సలు ఒప్పుకోడు, మనిషి ఆలోచిస్తూ ఆ సంగతి తనకే తెలియకుండా ఉండడం ఏంటి, ఆత్మ ఎప్పుడూ ఆలోచిస్తుంది అనేవాళ్ల సిద్ధాంతాన్ని కునికిపాటు పడే ప్రతి తలా కదిలించేస్తోంది అంటాడు. జర్మన్ ఫిలాసఫర్ లైబ్నిజ్ మధ్యలో వచ్చి గమనింపుకి రాని చిన్నచిన్న ప్రత్యక్షాలు నిద్రలోనూ నడుస్తూనే ఉంటాయి, అలల హోరులో ఒక్కో అల విడిగా వినపడనట్టు, అంటాడు.

మాండూక్యం 12 మంత్రాల ఉపనిషత్తు, అందులో జాగ్రత్, స్వప్న, సుషుప్తి, తురీయం అని నాలుగు చెప్పారు, సుషుప్తిలో ఉన్నవాడికి ప్రాజ్ఞుడు అని పేరు పెట్టింది, నిద్రపోతున్నవాణ్ని పట్టుకుని! అద్వైతులు దీనికి ఇచ్చే వాదన చాలా ఇంటి వాదన. పొద్దున్నే లేచి మనం ఏమంటాం? "హాయిగా పడుకున్నా, ఏమీ తెలియలేదు" అంటాం. సంస్కృతంలో దాన్నే "సుఖమహమస్వాప్సం న కించిదవేదిషమ్" అంటారు. ఇది జ్ఞాపకం లాంటి మాట, అనుభవం లేనిదే జ్ఞాపకం రాదు, కాబట్టి ఆ హాయినీ ఆ ఏమీ తెలియకపోవడాన్నీ చూసిన సాక్షి ఒకటి ఆ రాత్రంతా ఉండే ఉండాలి. యోగసూత్రం కూడా నిద్రని ఒక వృత్తి, అంటే మనసు తీసుకునే ఒక రూపం, అనే అంది, అంటే అది ఖాళీ కాదు, లేమిని పట్టుకుని ఉండే ఒక రకం వృత్తి. రామానుజుల దారి ఇంకొంచెం వేరు, "హాయిగా పడుకున్నా" అనే మాటలో ఆ "నేను" ఉంది చూశారా, నిద్రలో నిలబడింది ఎవరిదీ కాని చైతన్యం కాదు, ఆ నేనే, అంటారు.

నైయాయికుడు, అంటే న్యాయ దర్శనంవాడు, మాత్రం ఇక్కడ లాక్ పక్కన వచ్చి కూర్చుంటాడు. జ్ఞానం పుట్టాలంటే ఆత్మకి మనసుతో, మనసుకి చర్మంతో సంయోగం ఉండాలి, గాఢనిద్రలో మనసు పురీతత్ అనే నాడిలోకి వెళ్లిపోతుంది, అక్కడ ఆ సంయోగం లేదు, కాబట్టి జ్ఞానం లేదు. మరి పొద్దున చెప్పే మాట? అది జ్ఞాపకం కాదు, అనుమానం, అంటే లేచాక ఒళ్లు తేలిగ్గా ఉండడం చూసి, మధ్యలో ఏదీ గుర్తులేకపోవడం చూసి, హాయిగా పడుకున్నాను అని ఊహించుకుంటున్నావు అంతే. దానికి అద్వైతి ఊరుకోడు, నీ అనుమానానికి పక్షం, అంటే దేని గురించి అనుమానమో అది, కావాలి కదా, ఆ రాత్రి ఉన్న నన్నే నేను ఎరగనప్పుడు దేని గురించి అనుమానం చేస్తాను అంటాడు. ఈ గొడవ కొన్ని వందల ఏళ్లు నడిచింది, రెండు వైపులా గట్టివాళ్లే. అంతా విజ్ఞానమే అనే యోగాచార శాఖ బౌద్ధుడైన వసుబంధుడు త్రింశిక అనే పుస్తకంలో గాఢనిద్రలోనూ మూర్ఛలోనూ మనోవిజ్ఞానం ఉండదు అని ఒప్పుకుంటూనే, కింద పాత అనుభవాల ముద్రల్ని దాచుకునే ఆలయవిజ్ఞానం ఏరులా పారుతూనే ఉంటుంది అంటాడు, ఇది లైబ్నిజ్‌కి కొంచెం దగ్గరగా వినపడుతుంది.

చూశారా ఏమైందో. భారతం ఒకవైపు, పడమర ఒకవైపు రాలేదు. డెకార్టూ అద్వైతీ ఒక గట్టున, లాకూ నైయాయికుడూ ఇంకో గట్టున, లైబ్నిజూ వసుబంధుడూ మధ్యలో. ఒకే గట్టున ఉన్నవాళ్లు కూడా కారణాలు వేరు చెప్తారు, డెకార్ట్‌కి నిద్రలో ఉన్నది ఆలోచించే మనసు, అద్వైతికి మనసు అణిగిపోయాక కూడా మిగిలిన సాక్షి. ఇది పాత పుస్తకాల గొడవ అని కూడా అనుకోకండి. 2016లో జెన్నిఫర్ విండ్ట్, టోరే నీల్సెన్, ఈవన్ థాంప్సన్ అనే ముగ్గురు కలిసి కలలు లేని నిద్రలో చైతన్యం నిజంగా మాయమవుతుందా అని ఒక సైన్స్ జర్నల్‌లో రాశారు, కలలు లేని నిద్ర అంతా ఒకటే రకం కాదు, అందులో కూడా ఏదో ఒక అనుభవం ఉండే రకాలు ఉండొచ్చు అని. థాంప్సన్ ఐతే ఈ అద్వైత, న్యాయ చర్చని పడమటి ఫిలాసఫీ పాఠకుల ముందుకి నేరుగా తెచ్చిన మనిషి.

రెండో ప్రశ్నగా దీపం ప్రశ్న తీసుకోండి. ఒక కుండని చూస్తున్నాను, నాకు కుండ తెలిసింది, కుండ తెలిసింది అనే సంగతి నాకెలా తెలిసింది? దీపం తనని చూపించుకోడానికి ఇంకో దీపం అక్కర్లేదు, జ్ఞానం కూడా అంతే, తనని తానే వెలిగించుకుంటుంది అనేవాళ్లు ఒక గుంపు, అద్వైతులు, వేదవాక్యాల అర్థం తేల్చే మీమాంస దర్శనంలో ప్రభాకరుడి దారివాళ్లు, బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడి తరవాతి బౌద్ధుల్లో చాలామంది. దిఙ్నాగుడు దీనికి స్వసంవేదన అని పేరు పెట్టాడు. కత్తి తనని తాను కోసుకోదు, వేలికొన తనని తాను తాకలేదు, కాబట్టి మొదటి జ్ఞానాన్ని తెలుసుకోడానికి వెనక ఇంకో జ్ఞానం రావాలి అనేవాళ్లు ఇంకో గుంపు, న్యాయంలో ఆ రెండో జ్ఞానాన్ని అనువ్యవసాయం అంటారు. ఇంకో బౌద్ధుడు నాగార్జునుడైతే దీపం ఉదాహరణనే ఒప్పుకోలేదు, దీపంలో చీకటే లేనప్పుడు అది తనని తాను వెలిగించుకోవడం ఏంటి అన్నాడు, చిన్న ప్రశ్న గానీ నాకు ఎప్పుడు చదివినా ఒళ్లు ఝల్లుమంటుంది. అటువైపు ఫిలాసఫర్లని చూస్తే 1874లో బ్రెంటానో, 1943లో సార్త్ర్ దీపం గుంపుకి దగ్గర, ఈ మధ్యకాలంలో డేవిడ్ రోసెంతాల్ చెప్పిన పై అంచె ఆలోచన సిద్ధాంతం అనువ్యవసాయానికి దగ్గర. ఐతే ఒక తేడా మర్చిపోవద్దు. రోసెంతాల్‌కి పై అంచె ఆలోచన వస్తేనే కింది స్థితి చైతన్యవంతం అవుతుంది, నైయాయికుడికి కుండజ్ఞానం అనువ్యవసాయం రాకపోయినా నిక్షేపంలాంటి జ్ఞానమే, దానితో కుండ ఎత్తి నీళ్లు తెచ్చుకోవచ్చు. పోలికలో ఇలాంటి "ఐతే" ఒకటైనా లేకపోతే మీరు ఇంకా పైపైనే ఉన్నారని అర్థం.

బుద్ధుడూ, స్కాట్లండ్ ఫిలాసఫర్ హ్యూమూ పోలిక మాత్రం నేను ఎక్కువ చెప్పను, అందరూ చేసేదే. హ్యూమ్ 1739లో నాలోకి నేను తొంగిచూస్తే ఎప్పుడూ ఒక వేడో చలో ప్రేమో ద్వేషమో తగులుతుంది గానీ నేను అనేది దొరకదు అన్నాడు, బౌద్ధులు మనిషంటే ఐదు స్కంధాలు, అంటే శరీరం, అనుభూతి లాంటి ఐదు పోగులు, తప్ప వేరే ఆత్మ లేదన్నారు, చక్రాలూ ఇరుసూ విడదీస్తే రథం అని వేరే ఏదీ మిగలదు అనే ఉదాహరణ ఇచ్చారు. పోలిక నిజమే. కానీ హ్యూమ్ ఆ తర్వాత స్నేహితులతో భోంచేసి బ్యాక్‌గామన్ ఆడితే ఈ దిగులంతా పోతుంది అని రాశాడు, బౌద్ధ భిక్షువుకి అదే మాట దుఃఖం పోగొట్టే సాధన. ఒకే వాక్యం, ఒకరికి గదిలోంచి బయటికి వచ్చాక పక్కన పెట్టే సంగతి, ఇంకొకరికి జీవితం మొత్తం దానికోసమే.

అందుకే ప్రతి రచయిత దగ్గరా, ఇదంతా ఈయనకి ఎందుకు కావాలి అని అడగండి. మన దర్శనాల్లో ఎక్కువభాగం దుఃఖం ఎలా పోతుంది, మోక్షం ఎలా వస్తుంది అనే దారిలో చైతన్యం దగ్గరికి వచ్చాయి. న్యాయం ప్రకారం మోక్షంలో ఆత్మకి జ్ఞానం కూడా ఉండదు, దుఃఖం పూర్తిగా పోవడమే మోక్షం, దానికి ప్రత్యర్థులు రాయిలాగా పడుండడం మోక్షమా అని ఎత్తిపొడిచారు. అటు డెకార్ట్‌కి కావాల్సింది సందేహంలేని పునాది, ఇవాళ్టివాళ్లలో చాలామందికి కావాల్సింది ఫిజిక్స్ చెప్పే ప్రపంచంలో అనుభవానికి చోటు. ప్రశ్న పుట్టిన ఇల్లు వేరైతే జవాబు ఆకారం కూడా వేరుగా ఉంటుంది. ప్రమాణాలు, అంటే ఎవరు దేన్ని రుజువుగా ఒప్పుకుంటారో అది కూడా చూడండి, వేదాంతికి శ్రుతి, అంటే వేదవాక్యం, ఒక ప్రమాణం, అది తీసేసి వాదన మాత్రమే పట్టుకుంటే మీరు పోలుస్తున్నది వేదాంతాన్ని కాదు, దాని ముక్కని. ముక్కని పోల్చడం తప్పేం కాదు, కానీ ముక్క అని చెప్పి పోల్చండి.

భారతం అంటే ఆధ్యాత్మికం, పడమర అంటే భౌతికవాదం అనే మాట ఎవరన్నా నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే ఆ ఒక్క మాటతో మన భౌతికవాదులైన చార్వాకుల్ని మనమే ఇంట్లోంచి గెంటేస్తున్నాం. వాళ్లు చెప్పిన ఉదాహరణ ఎంత అందమైందో చూడండి, తమలపాకు పచ్చన, వక్క గోధుమరంగు, సున్నం తెలుపు, మూడూ కలిపి నమిలితే ఎరుపు వస్తుంది, ఆ ఎరుపు మూడిట్లో దేనిలోనూ లేదు, చైతన్యం కూడా మట్టీ నీళ్లూ లాంటి భూతాల కలయికలో అలాగే పుడుతుంది. మన ఇళ్లలో ప్రతి పెళ్లిలో, ప్రతి నోములో ఉండే తాంబూలం అది! ఇంగ్లండులో సి.డి. బ్రాడ్ 1925లో విడి భాగాల్ని ఎంత చదివినా ముందే చెప్పలేని కొత్త గుణం కలయికలో పుడుతుంది అనే వాదాన్ని పుస్తకంగా రాశాడు, ఆ చర్చని తమలపాకుతో మొదలుపెట్టి చెప్తే మన పిల్లలకి ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది. చార్వాకుల మాటలు మనకి చాలావరకు వాళ్ల ప్రత్యర్థుల పుస్తకాల్లోంచే దొరికాయి, కాబట్టి వాళ్ల వాదన అసలు ఇంకా గట్టిగా ఉండి ఉండొచ్చు అని గుర్తుపెట్టుకుని చదవాలి.

కాలం కూడా సరిచూసుకోండి. ఒకవైపు ఎనిమిదో శతాబ్దం శంకరుల్నీ ఇంకోవైపు 1991 నాటి అమెరికన్ ఫిలాసఫర్ డెన్నెట్‌నీ పెట్టి "మనవాళ్లకి న్యూరోసైన్స్ తెలీదు" అనడం ఎంత అన్యాయమో, "వాళ్లకి ఆత్మ తెలీదు" అనడం కూడా అంతే అన్యాయం, వాళ్లకి ప్లేటో దారిలో నడిచిన పాతకాలపు ప్లొటైనస్ ఉన్నాడు, మధ్యయుగాల్లో ఆత్మ గురించి రాసిన పెద్ద సంప్రదాయం ఉంది. ఇవాళ్టి పడమటివాళ్లతో పోల్చాలనుకుంటే మనవాళ్లలోనూ ఈ కాలానికి దగ్గరివాళ్లని తీసుకోండి, ఇరవయ్యో శతాబ్దపు ఫిలాసఫర్లు కృష్ణచంద్ర భట్టాచార్య ఉన్నాడు, మతిలాల్ ఉన్నాడు, మన పూళ్ల తిరుపతిరాజుగారు ఆంధ్ర యూనివర్సిటీలో చెప్పి తర్వాత అమెరికాలో ఒహాయోలో పాఠాలు చెప్తూ ఈ తులనాత్మక తత్త్వశాస్త్రం మీదే జీవితం పెట్టాడు, ఆయన పేరు మన తెలుగువాళ్లలోనే చాలామందికి తెలియదు.

క్వాంటమ్ ఫిజిక్స్ జోలికి వెళ్లకండి అని కూడా చెప్తా. క్వాంటమ్ సమీకరణం రాసిన ష్రోడింగర్‌కి ఉపనిషత్తులంటే నిజంగా గౌరవం, 1944లో రాసిన పుస్తకం చివర్లో ఆత్మ బ్రహ్మ ఒకటే అనే మాట ఎత్తాడు కూడా. దాన్నిబట్టి ఆయనకి వేదాంతం నచ్చింది అని తెలుస్తుంది, ఆయన సమీకరణం వేదాంతాన్ని రుజువు చేసింది అని తెలియదు. వేదాంతానికి ఆ సర్టిఫికెట్ అవసరం కూడా లేదు, దాని వాదనలు దానికి ఉన్నాయి. సైన్స్ వైపు కూడా పని అయిపోలేదు, 1998లో క్రిస్టోఫ్ కాఖ్ అనే న్యూరోసైంటిస్టు 25 ఏళ్లలో చైతన్యానికి మెదడులో ఉండే గుర్తు స్పష్టంగా దొరికేస్తుంది అని చామర్స్‌తో పందెం కాశాడు, 2023లో న్యూయార్క్‌లో స్టేజీమీద ఓడిపోయాను అని ఒప్పుకుని వైన్ సీసాలు ఇచ్చాడు.

మొదలెట్టేవాళ్లు ఏం చదవాలి అంటే నేను మాండూక్యం మంత్రాలు, డెకార్ట్ రెండో మెడిటేషన్, థామస్ నాగెల్ 1974లో గబ్బిలం అయి ఉండడం ఎలా ఉంటుంది అని రాసిన చిన్న వ్యాసం, ఈ మూడూ ఒక వారంలో చదివెయ్యమంటాను, మూడూ కలిపినా వంద పేజీలు రావు. ఇంకో వారం తర్కసంగ్రహం తెలుగు తాత్పర్యంతో. తర్వాత నిద్ర ప్రశ్నని పైన చెప్పినట్టు మీ నోట్‌బుక్‌లో మీ మాటల్లో రాయండి, చదివింది కాపీ కొట్టకుండా, పక్కింటివాళ్లకి చెప్తున్నట్టు.

అది అయ్యాక మత్తుమందు ప్రశ్న రాయండి. నేను ఇప్పుడు రాసుకుంటున్నది అదే. నాన్న రోజూ పొద్దున లేచి "బాగా నిద్రపట్టిందిరా" అంటాడు, ఆ రోజు మాత్రం "ఇంకా మొదలెట్టలేదా" అన్నాడు, అంటే ఆ రెండు గంటలు ఆయనకి హాయిగానూ లేవు, ఖాళీగానూ లేవు, అసలు లేనేలేవు. మరి అద్వైతి చెప్పే ఆ సాక్షి జ్ఞాపకం ఇక్కడేమైంది? ఇది నైయాయికుడికి, లాక్‌కి బలం అనిపిస్తుంది. కానీ బ్రహ్మసూత్రాల్లో మూడో అధ్యాయంలో దీని పక్కనే నిలబడే ఒక సూత్రం ఉంది, "ముగ్ధేఽర్ధసంపత్తిః పరిశేషాత్" అని. ముగ్ధ అంటే మనం ఇప్పుడు తెలుగులో అమాయకపు పిల్ల అనుకుంటాం, అక్కడ మాత్రం మూర్ఛపోయినవాడు. శంకరులు అక్కడ ఒక డాక్టర్ చూసినంత జాగ్రత్తగా చూస్తారు, నిద్రపోయేవాడి మొహం ప్రశాంతంగా ఉంటుంది, ఊపిరి సమంగా ఆడుతుంది, చేత్తో తడితే లేస్తాడు, మూర్ఛపోయినవాడి మొహం వేరు, ఊపిరి వేరు, గుదియతో కొట్టినా లేవడు, నిద్రకి కారణం అలసట, మూర్ఛకి కారణం దెబ్బ. కాబట్టి ఇది మెలకువ కాదు, కల కాదు, నిద్ర కాదు, చావు కాదు, నిద్రలో జీవుడు బ్రహ్మంతో పూర్తిగా కలిస్తే ఇది సగం కలయిక అంటారు. ఆ "సగం"లో రెండో సగం ఏంటో, దాంట్లో సాక్షి ఉన్నట్టు ఏ వాదనతో చూపించాలో, నా నోట్‌బుక్‌లో ఆ పేజీ ఇంకా ఖాళీగానే ఉంది.